పాలకొఱకు పోరిన మల్లుడు



ఈ మాసము మేము ముష్టియుద్ధమును గూర్చి వ్రాయబూనితిమి. ఇది చూచి మీలో కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొందురని యెఱుగుదుము. ఇరువురు మగవారు పిడికిళ్లతో మొగములు వాయగొట్టుకొను వినోదముతో గృహిణుల కేమి పని యని మేమును మొదట ననుకొన్నవారమే. రాన్ హోవర్డు దర్శకత్వమున 2005వ సంవత్సరమున వెలువడిన 'సిండ్రెల్లా మ్యాన్' అను అమెరికా చలనచిత్రమును చూచిన పిదప మా యభిప్రాయము మాఱినది. ఇది కేవలము కల్పితకథ కాదు. జేమ్స్ బ్రాడక్ అను ముష్టియోధుని జీవితమే దీనికి మూలము.

బ్రాడక్ 1905లో న్యూయార్కు నగరమున జన్మించెను. 1929 జూలైలో టామీ లఫ్రన్ అను విజేతతో 15 రౌండ్లు పోరి యోడిపోయెను. ఆ యేడే అమెరికాలో వాణిజ్యము కుప్పగూలి లక్షలాది కుటుంబములు వీధిని బడెను. ఇతని కుడిచేయి పలుమాఱులు విఱిగెను. భార్య మే, ముగ్గురు పసిబిడ్డలు. ఒకప్పుడు జనులు జేజేలు పలికిన యోధుడు ఓడరేవున మూటలు మోయు కూలి యయ్యెను. ఆ కూలియు దినదినము దొరకదు. తుదకు ప్రభుత్వ మిచ్చు ధర్మసహాయమునకై వరుసలో నిలువవలసివచ్చెను.

చిత్రమున మమ్ము కదలించినవి యుద్ధములు గావు, వంటయింటి దృశ్యములు. చిన్నకూతురు ఇంకను ఆకలిగొని యుండగా, తాను కలలో గొప్ప విందు గుడిచితినని చెప్పి తండ్రి తన ముక్కను ఆమెకు బెట్టును. 'నాకు ఆకలి లేదు' అను నబద్ధము మన మాడువారమే చెప్పుదుమని యనుకొంటిమి. మగవారును చెప్పుదురు కాబోలు! పెద్దకుమారుడు అంగడిలో మాంసము దొంగిలించి తేగా, తండ్రి వానిని వెంటబెట్టుకొని పోయి తిరిగి యిప్పించును. వాడు దొంగిలించినది నాలుక చాపల్యముచేత గాదు. తిండి చాలక తనను బంధువుల యిండ్లకు బంపివేయుదురేమో యను భయముచేత. ఎన్నటికిని పంపనని తండ్రి మాట యిచ్చును.

ఆ మాట నిలువలేదు. విద్యుద్దీపములు పోయి, చలికి బిడ్డ జబ్బుపడగా మే పిల్లలను పుట్టినింటివారి కడకు బంపెను. అప్పుడు బ్రాడక్ తన్ను ముందెఱిగిన ధనవంతులు కూడియున్న చోటికి బోయి టోపీ చాచెను. మన కుచేలుడు పోయినప్పుడు అటుకుల మూటయైన నుండెను. ఇతని చేతిలో ఖాళీ టోపీ తప్ప వేఱొకటి లేదు. కుచేలున కడుగకయే లభించెను. ఇతడు ఒక్కొక్కరి యెదుట నిలిచి యడుగవలసివచ్చెను.

ఇక మా సంగతి యొక్కటి. 2020లో మహమ్మారిచే బడులు మూతపడినపుడు మా వారు పనిచేయు ప్రైవేటు పాఠశాలవారు జీతము లిచ్చుట మానిరి. మా వారు వేకువనే కూరగాయలు కొనితెచ్చి సైకిలుమీద నమ్మిరి. అదియు మా వీధిలో గాదు, తమ శిష్యుల తల్లులు లేని వీధులలో. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇత్తుమని ప్రకటించినది. పేరు వ్రాయించుటకు మా వారు రెండు దినములు సంకోచించిరి. ఆ రాత్రులలోనే మేమీ చిత్రమును చూచితిమి. టోపీ దృశ్యము ముగియగనే ఆయన లేచి, ఏమియు ననక, కాగితములు వెదకుకొనిరి.

మే పాత్రను గూర్చి రెండు మాటలు. ఆమె భర్త యుద్ధములను చూడదు. గెలుపు కంటె అతడు ప్రాణములతో నింటికి వచ్చుట ఆమెకు ముఖ్యము. భర్తను మరల బరిలోకి దింపిన నిర్వాహకుడు జో గూల్డుతో పోట్లాడబోయి, అతని యిల్లు దాదాపు ఖాళీగా నుండుట చూచి నిశ్చేష్టురాలగును. బ్రాడక్‌ను సిద్ధపఱచుటకై అతడు సామానులన్నియు నమ్మివేసినాడు!

బ్రాడక్ 1934లో కార్న్ గ్రిఫిన్‌ను గెలిచి మరల తల యెత్తెను. కుడిచేయి పనికిరాని దినములలో మూటలు మోసి మోసి ఎడమచేయి గట్టిపడియుండెను. కష్టము చేసిన యుపకార మది! దేనికొఱకు పోరుచున్నావని పత్రికలవా రడుగగా, 'పాలు' అని చిత్రమున నొక్క మాటలో బదులిచ్చును. 1935 జూన్ 13వ తేదీన మాక్స్ బేరును 15 రౌండ్లలో నోడించి ప్రపంచవిజేత యయ్యెను. తాను పుచ్చుకొన్న ధర్మసహాయమును తిరిగి చెల్లించెను.

చిత్రమున మాకు నచ్చని దొకటి కలదు. మాక్స్ బేరును కేవలము క్రూరునిగా జూపిరి. 1930లో అతనితో పోరిన ఫ్రాంకీ క్యాంప్‌బెల్ మరణించుట నిజమే. అయితే ఎర్నీ షాఫ్ 1933లో ప్రీమో కార్నెరాతో పోరిన పిదప మరణించినవాడు. ఆ మృతిని గూడ బేరు మెడకే చుట్టిరి. బేరు కుమారుడు దీనిని ఆక్షేపించెను. వాల్మీకి సైతము రావణుని పాండిత్యమును, శౌర్యమును దాచలేదు గదా! ఒక కుటుంబపు గౌరవమును జూపుటకై వేఱొక కుటుంబమును నొప్పించుట తగదు.

1937లో బ్రాడక్ జో లూయీచేతి లో నోడి విజేతపదము కోల్పోయెను, 1974లో గతించెను. పదవి రెండేండ్లే నిలిచినది. బిడ్డలు మాత్రము ఇల్లు చేరిరి.

మా వారు ఇప్పుడు మరల బడిలో జీతము పుచ్చుకొనుచున్నారు. ఆ బియ్యమును తిరిగి యిచ్చుటకు మార్గము లేదు గనుక, ఆదివారములందు కూలివారి పిల్లలు అయిదుగురికి మా యరుగుమీద లెక్కలు చెప్పుచున్నారు. పాఠమైన పిదప వారికి తలకొక గ్లాసెడు పాలిచ్చుట మా వంతు. వానిలో నీళ్లు కలుపము.