కరక్కాయ ఎక్కడికి పోతుంది?



మన ఊళ్లలో కరక్కాయలు ఏరని ఇల్లు లేదు. ఎండబెట్టి సంతలో అమ్ముతాం, దగ్గొస్తే ఒక ముక్క బుగ్గన పెట్టుకుంటాం. మరి అన్ని బస్తాలూ దగ్గుకేనా? కాదు. తోళ్లు పదును చేసే చోటికి కూడా పోతాయి.

పచ్చితోలుకి ఉప్పు పట్టించకపోతే తొందరగా కుళ్లిపోతుంది. ఆ ఉప్పు కడిగి, సున్నపు నీళ్లలో నానబెడితే వెంట్రుకలు ఊడొస్తాయి. లోపలి కండ కత్తితో గీకి, సున్నం పోయేదాకా కడుగుతారు. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్లలో వారాల తరబడి ఉంచుతారు. వాటిలోని వగరును టానిన్ అంటారు. అది తోలులోని ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, ఇంక తోలు కుళ్లదు. నూనె పట్టించి ఆరబెట్టి చెప్పులు, బెల్టులు కుడతారు. వెనక మోటబావికి తోలు బాన కూడా ఇలాగే.

ఇప్పుడు ఎక్కువ ఫ్యాక్టరీల్లో క్రోమియం ఉప్పుతో ఒకటి రెండు రోజుల్లోనే చేసేస్తున్నారు. తమిళనాడులో ఆ ఫ్యాక్టరీల మురుగు పాలారు నదిని పాడు చేస్తే 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వాల్సి వచ్చింది.

నా అభిప్రాయం చెప్తాను. ఇంత లెక్క ఉన్న పనిని మాదిగవాళ్లు తరతరాలుగా చేస్తే, కంపు పని అని వాళ్లని ఊరి బయట ఉంచారు. మనలో కూడా కొందరు ముక్కు మూసుకుని నవ్వుతారు. మనల్ని ఎవరైనా 'అడివోళ్లు' అంటే ఏడుస్తాం గదా! చెప్పులు తొడుక్కునేటప్పుడు రాని కంపు, కుట్టినాయన దగ్గరే వస్తుందా?

సైన్సు సారుకి ఒక మనవి. కరక్కాయ నానిన నీళ్లలో తుప్పు మేకు వేస్తే సిరాలాగ నల్లగా అవుతుంది. ఎందుకో క్లాసులో చేసి చూపించండి. కాయలు మేం తెస్తాం.

- తొమ్మిదో తరగతి విద్యార్థిని