ఇనుములో సుడిగుండాలు

నెల్లూరు తీరంలో ఊళ్లు నిద్రపోయినా రొయ్యల చెరువులు నిద్రపోవు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రాత్రంతా ఏరియేటర్లు నీటిని చిలుకుతూనే ఉంటాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే మోటారు కాలిందా... పంట పోయినట్టే! అందుకే, కొత్త తీగ చుట్టించి తెచ్చిన మోటారు మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంటే రైతుకు గుబులు. వైండింగ్ కొత్తదే కదా, మరి ఈ వేడెక్కడిది? తప్పు తీగది కాకపోవచ్చు, ఇనుముది కావచ్చు.

మోటారుకు వచ్చే కరెంటు సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది. దాంతోపాటే ఇనుములోని అయస్కాంత క్షేత్రమూ అటూ ఇటూ మారుతుంది. క్షేత్రం మారేచోట విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. తీగలో అయితే కరెంటు పోవడానికి ఒక దారుంటుంది. ఇనుప దిమ్మలో దారేదీ? అక్కడికక్కడే గుండ్రంగా తిరుగుతుంది, వరదప్పుడు పెన్నా వంతెన స్తంభాల దగ్గర నీళ్లు సుడి తిరిగినట్టు. ఇవే ఎడ్డీ కరెంట్లు. ఏ మార్పు వల్ల పుట్టాయో దాన్నే అడ్డుకోవడం వీటి గుణం. అయస్కాంతం మధ్య తిరిగే రాగి పళ్లెం మొరాయించి వేడెక్కడాన్ని 1855లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో గమనించాడు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె కాగేదీ ప్రధానంగా ఈ సుడులతోనే. అక్కడ వరం, మోటారులో శాపం!

విరుగుడు చిత్రంగా ఉంటుంది. ఇనుమును దిమ్మగా వాడరు. సిలికాన్ కలిపిన ఉక్కును అర మిల్లీమీటరు రేకులుగా చేసి, ఒక్కోదానికీ విద్యుత్తు దాటని పూత పూసి, దొంతరగా పేరుస్తారు. సుడికి తిరిగే చోటే ఉండదు. మందం సగమైతే ఆ నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల జనరేటరుకైనా ఇదే సూత్రం.

చిక్కొచ్చేది వైండింగ్ షాపులో. కాలిన తీగను ఊడదీయడానికి కొన్నిచోట్ల నేరుగా మంట పెట్టేస్తారు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ వేడి హద్దు మీరితే రేకుల పూత కాలిపోతుంది. రేకులు ఒకదానికొకటి తగిలి మళ్లీ దిమ్మలా మారతాయి. ఉష్ణోగ్రత అదుపులో ఉండే ఓవెన్‌లో, 370 డిగ్రీల సెల్సియస్ లోపు కాలిస్తే ఈ బెడద తక్కువ.

కొత్త తీగ చుట్టకముందే ఇనుమును పరీక్షించమని రైతు అడగొచ్చు. దాని చుట్టూ నాలుగు చుట్లు వేసి కాసేపు కరెంటు పంపుతారు. ఆపేశాక తడిమి చూస్తే అంతటా గోరువెచ్చగా ఉండి ఒక్కచోట చెయ్యి చురుక్కుమంటే, అక్కడ రేకులు కలిసిపోయాయన్నమాట.