సన్మానము చాలదు, విశ్రాంతి కావలెను

2020, 2021 సంవత్సరములలో కోవిడు మహమ్మారి చెలరేగినపుడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఇల్లిల్లు దిరిగి జ్వరపీడితుల నరసినవారు ఆశా కార్యకర్తలు. రేవు దాటి లంకలకేగి, మరలి వచ్చి తమ బిడ్డలను దాకుటకు జంకిన తల్లులెందరో!

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థ వీరిని సత్కరించెను. 2025 మార్చిలో రాష్ట్రప్రభుత్వము గ్రాట్యుటీకిని, తొలి రెండు కాన్పులకు 180 దినముల సెలవునకును అంగీకరించెను. సంతోషమే. కాని యలసట సన్మానపత్రముతో దీరునా? ఉద్యోగజనితమైన నిస్త్రాణ, చిరకాలము చక్కదిద్దబడని పనియొత్తిడి ఫలమని 2019లో ఆ సంస్థయే నిర్వచించినది. కావున దోషము సేవికది కాదు, ఏర్పాటుది.

మరియొక మహమ్మారి రాకమునుపే వంతులవారి విశ్రాంతిని, బదులు పనిచేయువారిని సిద్ధపరుపవలెను. దీపము వెలుగవలెనన్న చమురు పోయవలదా?