వర్తకుల చిన్న బండ్లు

మన పట్టణములలోని వర్తకులు ఎడ్లబండిని, తోపుడుబండిని విడిచి మోటారు బండ్లపై సరకు పంపుట నేడు సర్వసామాన్యమైనది. 2005వ సంవత్సరమున టాటావారు ఏస్ అను చిన్న బండిని వెలువరించిరి. రెండు సిలిండర్ల డీజిలు యంత్రముతో ముప్పాతిక టన్ను మోయు ఆ బండి వచ్చినది మొదలు, ఇరుకు సందులోని దుకాణము ముంగిట సహితము నాలుగు చక్రముల వాహనము నిలువగలిగెను. 2011లో అశోక్ లేలాండువారి దోస్త్, 2015లో మహీంద్రావారి జీతో బయలుదేరినవి. జీతో మన జహీరాబాదు కర్మాగారమునుండి వెలువడినదే. దోస్త్ పుట్టుకలో జపాను దేశపు నిస్సానువారి పొత్తు గలదు. స్వదేశాభిమానులు సంతోషింపవచ్చును గాని, వర్తకుని విచారణ అంతటితో ముగియరాదు.

అయిదారు బండ్లను ఒక్కమారు కొనువారు మొట్టమొదట వెలను, పిదప లీటరుకు వచ్చు మైళ్లను అడుగుచున్నారు. ముందు అడుగవలసినది తమ సరకును గూర్చి. మరమరాలు, ప్లాస్టిక్ సామాను అమ్మువానికి తొట్టి పొడవు ముఖ్యము. బరువు లెక్కలోనికి రాదు. సిమెంటు వర్తకునికి బరువే ప్రాణము. ముప్పాతిక టన్ను బండికి ఏబది కిలోల బస్తాలు పదునైదు. ముప్పది వేసి పంపుట మన వీధులలో నిత్యము కానవచ్చుచున్నది. పల్లములో బ్రేకు పట్టనినాడు ఆ తక్కిన పదునైదు బస్తాలును డ్రైవరు వీపుమీదనే యుండును.

2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను ప్రకారము అధిక భారమునకు జరిమానా ఇరువది వేల రూపాయలు. మించిన ప్రతి టన్నునకు మరి రెండువేలు. ఇది నడపినవానికే గాక నడిపించినవానికిని వర్తించును. జరిమానాను డ్రైవరు జీతమునుండి కోసికొను యజమానులు దీనిని గమనింతురు గాక! బండి స్వంత బరువు, మోయు బరువు కలిపి 3,000 కిలోలు మించనిచో పర్మిట్ అక్కరలేదు. రెండు టన్నులు మోయు పికప్పు ఈ హద్దు దాటక మానదు. అమ్మకపు కాగితములలో ఈ అంకెను చూడక సంతకము చేయుట తగదు. లైసెన్సు చిక్కు మాత్రము తీరినది: 7,500 కిలోల లోపు సరకు బండిని తేలిక వాహనపు లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చినది.

అన్నిటికంటె ఘోరమైనది వేరొకటి గలదు. సరకు దింపి తిరిగివచ్చు ఖాళీ బండిలో కూలీలను, పెండ్లివారిని నిలువుగా నింపుచున్నారు. పది రూపాయలు మిగులునని వారెక్కుదురు. డీజిలు ఖర్చు వచ్చునని వీరెక్కింతురు. సరకు బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునికి భీమా సంస్థ నష్టపరిహారము చెల్లింప బాధ్యురాలు కాదని ఆశారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పినది. తీర్పు సొమ్ము యజమాని మెడకు చుట్టుకొనును. అతని యొద్ద లేనిచో డిక్రీ కాగితము చనిపోయిన కూలి ఇంట చూరున వ్రేలాడును. కనుక ఇంటికి కూలీలను చేర్చవలసిన వ్యాపారి అందుకు వేరు బండిని ఏర్పరచుకొనవలెను. ఆ ఖర్చును ఈ కొనుగోలులోనే లెక్కింపవలెను.

విద్యుత్తు బండ్లు గూడ వచ్చినవి. 2022లో ప్రకటింపబడిన ఏస్ ఈవీ మోయునది 600 కిలోలు. ఒక చార్జికి పరీక్షలో తేలిన దూరము 154 కిలోమీటర్లు. ప్రతిదినము ఒకే దారిన తిరిగి రాత్రికి గోదాము చేరు పాల, మందుల వర్తకులకు ఇది తగియున్నది. సంతలవెంట ఊరూరు తిరుగువారు తొందరపడకుందురు గాక.

బండ్లన్నియు ఒకే సంస్థవి, ఒకే రకమువి యగుట మేలు. ఒక మెకానిక్కు, ఒక బీరువాలోని విడిభాగములు అన్నిటికిని సరిపోవును. ఒక డ్రైవరు రానినాడు మరియొకడు తడుముకొనక నడపును. అమ్మువారు ఖాళీ బండినే తిప్పి చూపుదురు. దానిలో మన సరకు నింపి, రేపు నడపబోవు మన డ్రైవరునే కూర్చుండబెట్టి, మన ఊరి వంతెన ఎక్కించి చూచిన పిమ్మట బయానా ఇయ్యవలెను.