చందా పుస్తకంలో పేరుంది, కమిటీలో కుర్చీ లేదు



మార్చి 8 వచ్చిందంటే మిల్లు గేట్ల దగ్గర ముగ్గుల పోటీలు పెట్టడం ఈమధ్య అలవాటైంది. గెలిచిన అమ్మాయికి స్టీలు డబ్బా, మిగిలినవారికి తలా ఒక గులాబీ, ఒక మిఠాయి. ఫోటో తీసి ఆఫీసు గోడకు తగిలిస్తారు. షిఫ్టు గంట మోగగానే అందరూ మళ్ళీ ఫ్రేముల దగ్గరికి. పూలిస్తే వద్దనమని మేము చెప్పడం లేదు. అయితే ఆ దినం ఎలా పుట్టిందో తెలిసినవారు పూలతో సరిపెట్టుకోరు.

అమెరికాలో సోషలిస్టు పార్టీ 1909 ఫిబ్రవరి 28న మొదటిసారి మహిళా దినం జరిపింది. మరుసటి ఏడు కోపెన్‌హాగన్ మహాసభలో క్లారా జెట్కిన్ దీన్ని అన్ని దేశాలలోనూ జరపాలని ప్రతిపాదించింది. 1917లో రష్యాలోని పెట్రోగ్రాడ్ నగరంలో రొట్టె కోసం సమ్మె కట్టి జారు చక్రవర్తి పీఠాన్ని కదిలించినవారిలో ముందు నడిచింది బట్టల మిల్లుల ఆడకూలీలు. ఇప్పటి క్యాలెండరు ప్రకారం ఆ రోజు మార్చి 8. అంటే ఈ దినం మన పరిశ్రమలో పుట్టిన బిడ్డ.

అమెరికా అంటే ఆడా మగా సమానంగా బతికే దేశమని మనలో చాలామంది అనుకుంటారు. అక్కడ కూడా సమానత్వం ఎవరూ తెచ్చి చేతిలో పెట్టలేదు. ఆ పోరాటం మొదలైన చోట్లలో ఒకటి నూలు మిల్లే. మసాచుసెట్స్ రాష్ట్రంలో లోవెల్ అనే ఊరు ఉంది. 1820, 1830లలో అక్కడి మిల్లులు పల్లెల నుంచి పెళ్ళికాని రైతుబిడ్డలను తెచ్చి కంపెనీ వసతి గృహాలలో ఉంచాయి. రోజుకు 12, 13 గంటల పని. రాత్రి 10 గంటలకు తలుపులు మూత. ఆదివారం చర్చికి పోవడం తప్పనిసరి. ఎదురు తిరిగిన పిల్ల పేరు మిగతా మిల్లులకు కూడా చేరేది, ఇంకెక్కడా పని దొరకకుండా. ఇది చదువుతుంటే కోయంబత్తూరు, దిండిగల్ రోడ్ల పక్కన ఎత్తైన గోడల వెనక ఉన్న మిల్లు హాస్టళ్ళు మీకు గుర్తుకు రావడం లేదా?

1834లో కూలి తగ్గిస్తామన్నప్పుడు ఆ పిల్లలు పని ఆపి వీధిలోకి వచ్చారు. ఓడిపోయారు. 1836లో హాస్టలు ఖర్చు పెంచినప్పుడు మళ్ళీ వచ్చారు. ఈసారి కొన్ని మిల్లులు వెనక్కి తగ్గాయి. 1845లో సారా బాగ్లీ అనే మిల్లు కార్మికురాలు తోటివారిని కూడగట్టి, పది గంటల పని దినం కావాలని సంతకాలు సేకరించి, శాసనసభ కమిటీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. కమిటీ అంతా విని, చట్టం చేయడం కుదరదంది. ఓటు లేని ఆడదాని మాటకు శాసనసభలో విలువెంత? ఆ రాష్ట్రంలో స్త్రీలకు పది గంటల చట్టం వచ్చింది 1874లో. ఆడవారికి ఓటు హక్కు రాజ్యాంగంలో చేరింది 1920లో. అడిగిన నాటికీ అందిన నాటికీ మధ్య ఒకటి రెండు తరాలు గడిచిపోయాయి. అడగనే అడగకుండా ఉండి ఉంటే అదీ లేదు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. లోవెల్ మిల్లులకు వచ్చే పత్తిని దక్షిణాది తోటలలో ఏరింది నల్లజాతి బానిసలు. బానిసత్వం పోయిన తరువాత కూడా, 1964 పౌర హక్కుల చట్టం వచ్చేదాకా, దక్షిణ రాష్ట్రాల మిల్లులలో యంత్రం దగ్గర నల్లజాతి స్త్రీకి దాదాపు చోటే లేదు. అక్కడ రంగు చేసిన పని ఇక్కడ కులం చేసింది. ఆడవారి హక్కులని మాట్లాడేటప్పుడు ఏ ఆడవారి హక్కులో కూడా అడగాలి.

అమెరికాలో సమాన వేతన చట్టం 1963లో వచ్చింది. వచ్చిన పదేళ్ళకు, 1973లో, ఉత్తర కరొలైనాలోని జె.పి.స్టీవెన్స్ మిల్లులో తువాళ్ళు మడతపెట్టే క్రిస్టల్ లీ సట్టన్‌ను సంఘం పని చేస్తున్నందుకు తీసేశారు. బయటికి పంపేలోగా ఆమె ఒక అట్టముక్క మీద యూనియన్ అని రాసి, బల్ల ఎక్కి అందరికీ చూపింది. ఆ హాలులో యంత్రాలు ఆగిపోయాయి. మరుసటి ఏడు జరిగిన ఓటింగులో సంఘం గెలిచింది. కంపెనీతో ఒప్పందం కుదరడానికి మాత్రం 1980 దాకా పట్టింది.

అలబామాలో ఒక టైరు ఫ్యాక్టరీలో 19 ఏళ్ళు సూపర్‌వైజరుగా చేసిన లిల్లీ లెడ్‌బెటర్ కథ ఇంకొకటి. అదే పని చేసే మగవారి జీతం తనకంటే ఎక్కువని, ఎవరో పేరు రాయకుండా పెట్టిన చీటీ వల్ల చివరి రోజుల్లో తెలిసింది. కోర్టుకు వెళ్ళింది. జీతం తేడా పెట్టిన 180 రోజుల్లోగా ఫిర్యాదు చేసి ఉండాలంటూ 2007లో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. తెలియని సంగతి మీద ఎవరైనా ఎలా ఫిర్యాదు చేస్తారు? పోరాటం ఆగలేదు. 2009లో ఆమె పేరుతోనే చట్టం మార్చారు. మనకు ఇందులో పాఠం ఒక్కటే: ఒకరి జీతం చీటీ ఇంకొకరు చూడకపోతే అన్యాయం కంటికి కనపడదు.

అలాగని అమెరికా అన్నింటా మనకంటే ముందుందని కాదు. ప్రసవానికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలనే జాతీయ చట్టం అక్కడి ప్రైవేటు కార్మికులకు ఈనాటికీ లేదు. 1993 చట్టం ఇచ్చింది 12 వారాల జీతం లేని సెలవు మాత్రమే. మన దేశంలో 1961 నుంచే జీతంతో సెలవు ఉంది, 2017లో దాన్ని 26 వారాలు చేశారు. కాగితం మీద మనది పెద్ద హక్కు. కానీ పెళ్ళి కాని పిల్లలనే పనిలోకి తీసుకుని, పెళ్ళి కాగానే పంపించే మిల్లులో ఆ 26 వారాలు ఎవరికి అందుతాయి?

ఇక మన ఊళ్ళ సంగతి. నాయక రాజుల కాలంలోనూ, దానికి ముందూ వెనకా మన పెద్దలు ఈ సీమకు వచ్చి మదురైలో, కోయంబత్తూరు నల్లరేగడిలో స్థిరపడ్డారు. పత్తి పండించినవారిలో తెలుగువారున్నారు, మగ్గం నేసినవారిలో ఉన్నారు. 1888లో స్టేన్స్ దొర కోయంబత్తూరులో మొదటి మిల్లు పెట్టాడు. 1930లలో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటి యజమానులలో తెలుగు నాయుళ్ళున్నారు. అరుంధతీయ వాడల నుంచి పనికి వచ్చిన కూలీల ఇంటి భాష కూడా తెలుగే. భాష ఒకటైనంత మాత్రాన కూలి ఒకటి కాలేదు. ఆడదాని కూలి మగవాడి కూలి కంటే ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంది.

ఈ నేలకు పోరాట చరిత్ర లేకపోలేదు. ఒక మహిళా కార్మికురాలి మీద జరిగిన అఘాయిత్యంతో రగిలిన గొడవలో హత్యకేసు మోపబడి, 1946 జనవరి 8న కోయంబత్తూరు జైలులో ఉరికంబం ఎక్కిన నలుగురు చిన్నియంపాళయం కార్మికులను మనం ఏటా తలుచుకుంటాం. మదురైలో నాటకరంగం వదిలి ఎర్రజెండా పట్టిన కె.పి.జానకి అమ్మాళ్ 1967లో శాసనసభకు గెలిచింది. ఆడవారి మానం కోసం మగవారు ప్రాణమిచ్చారు, ఆడవారు నాయకత్వమూ వహించారు. మరి ఈ రోజు మన కమిటీ బల్ల చుట్టూ చూస్తే ఒక్క చీర కనపడదెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు యాజమాన్యాలనడిగితే దొరకదు. మనమే చెప్పుకోవాలి. సమాన పనికి సమాన వేతనం అన్న చట్టం మన దేశంలో 1976లో వచ్చింది. ఆ తరువాత మిల్లులలో జరిగిందేమిటి? మేము కుర్రవాళ్ళుగా రింగ్ ఫ్రేముల మీద పని చేస్తున్న రోజుల్లో, 1990లలో, ఒక మిల్లు రీలింగ్ ఖాతా మూసేసింది. అందులో ఉన్నదంతా ఆడవారు. మగవారిని వేరే ఖాతాలకు సర్దుతామని, ఆడవారికి లెక్క తేల్చి పంపుతామని ఒప్పందం జరిగింది. సంఘం సంతకం పెట్టింది. గేటు సభలో ఒప్పందం చదివినప్పుడు మేము చప్పట్లు కొట్టాం. సభ అయ్యాక ఒక పెద్దమ్మ మా దగ్గరికి వచ్చి, "మా పేర్లు కూడా మీ చందా పుస్తకంలో ఉన్నాయి గదా నాయనా?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేదు. ఇంట్లో మగవాడికి పని ఉంటే చాలునని ఆనాడు మేమూ అనుకున్నాం. అది తప్పు. ఇన్నేళ్ళ తరువాత ఈ పుటలో ఒప్పుకుంటున్నాం.

అలా ముందు గేటు నుంచి బయటికి పోయిన ఆడవారు వెనక గేటు నుంచి తిరిగి వచ్చారు. అయితే పర్మనెంటు కార్మికులుగా కాదు. శిక్షణ పేరుతో, అప్రెంటిస్ పేరుతో, క్యాంపు కూలీ పేరుతో వచ్చారు. సుమంగళి పథకమని ఒక శుభమైన పేరు పెట్టి, మూడేళ్ళు హాస్టల్లో ఉండి పని చేస్తే చివర పెళ్ళి ఖర్చుకు 30,000 నుంచి 60,000 రూపాయల దాకా ఒకేసారి ఇస్తామన్నారు. వరకట్నాన్ని 1961లోనే నేరం చేసిన దేశంలో కట్నం డబ్బు చూపి కన్నపిల్లను పనికి పెట్టించారు. మధ్యలో జబ్బుపడి వెళ్ళిపోయిన పిల్లకు ఆ మొత్తం దక్కని కథలు మన వాడల్లో ఎన్నో విన్నాం. ఆ పేరు ఇప్పుడు పలకడం తగ్గింది కానీ హాస్టలు గోడ అలాగే ఉంది. గోడ లోపల ఇప్పుడు ఒడిశా, బీహారు, జార్ఖండ్ పిల్లలు కూడా ఉన్నారు.

రాత్రి షిఫ్టు సంగతి చూడండి. ఆడవారిని రాత్రి పనికి పెట్టకూడదన్న ఫ్యాక్టరీ చట్టం నిబంధన సమానత్వానికి విరుద్ధమని మిల్లు కార్మికురాళ్ళే కోర్టుకు వెళ్ళారు. 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు న్యాయమైనదే. కానీ వెనక సంఘం లేని చోట ఆ హక్కు యజమానికే అక్కరకు వచ్చింది. హాస్టల్లో నిద్రపోయే పిల్లను అర్ధరాత్రి లేపి ఫ్రేము దగ్గర నిలబెట్టడం సులువైపోయింది. 1976 సమాన వేతన చట్టం ఇప్పుడు వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్‌ను 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చారు. సమాన వేతనం మాట అందులోనూ ఉంది. ఉన్నంత మాత్రాన జీతం చీటీలో అంకె మారదని 1976 నుంచీ చూస్తూనే ఉన్నాం.

మారుతుందని దిండిగల్ చూపింది. 2021 జనవరిలో అక్కడి ఒక బట్టల ఫ్యాక్టరీలో పని చేసే దళిత యువతి హత్యకు గురైంది. ఆమె సూపర్‌వైజరును పోలీసులు అరెస్టు చేశారు. ఆడవారు, ముఖ్యంగా దళిత స్త్రీలు, నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ ఊరుకోలేదు. ఆ బట్టలు కొనే అమెరికా, యూరపు కంపెనీలను నిలదీసింది. 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం కుదిరింది. వేధింపులను కనిపెట్టి చెప్పడానికి కార్మికుల నుంచే పర్యవేక్షకులు ఉండాలని, ఒప్పందం మీరితే కొనుగోలు కంపెనీలు కూడా చర్య తీసుకోవాలని అందులో ఉంది. లోవెల్ పిల్లలకు ఓటు లేదు, దిండిగల్ అమ్మాయిలకు డబ్బు లేదు. ఇద్దరికీ ఉన్నది సంఘం ఒక్కటే.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశం ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, కమిటీలో మూడో వంతు స్థానాలు ఆడవారికి, అందులో ఒకటి హాస్టలు కార్మికురాలికి. రెండు, అప్రెంటిస్ అయినా క్యాంపు కూలీ అయినా పూర్తి సభ్యత్వం, వారికి సగం చందా. మూడు, సమావేశాలు రాత్రి 8 గంటలకు టీకొట్టు వెనక కాకుండా, ఆదివారం పగలు, పిల్లలను తీసుకురాదగిన చోట. నాలుగు, 2013 చట్టం ప్రకారం పదిమంది పని చేసే ప్రతి చోటా ఉండవలసిన వేధింపుల విచారణ కమిటీలో ఎవరున్నారో మూడు నెలలకొకసారి కనుక్కుని ఈ పత్రికలో ప్రకటించడం.

కమిటీలోనే కొందరు అన్నలు అభ్యంతరం చెప్పారు. "ఆడవాళ్ళు నిలబడరన్నా, పెళ్ళయితే వెళ్ళిపోతారు" అన్నారు. మగవారిలో మాత్రం తిరుప్పూరుకు పోయినవారు లేరా, ఆటో కొనుక్కున్నవారు లేరా? 1909లో న్యూయార్కు బట్టల కుట్టు షాపుల ఆడవారి గురించి కూడా అక్కడి సంఘాల పెద్దలు ఇదే మాట అన్నారు. ఆ నవంబరులో క్లారా లెమ్లిచ్ అనే కుర్ర కార్మికురాలు సభలో లేచి సమ్మె కట్టాలని అడిగింది. సుమారు 20,000 మంది పని ఆపారు. ఆ ఒప్పందానికి ఒప్పుకోని ట్రయాంగిల్ కంపెనీలో 1911 మార్చి 25న నిప్పంటుకుంటే, తాళం వేసిన తలుపు వెనక చిక్కుకుని, కిటికీల నుంచి దూకి 146 మంది చనిపోయారు. వారిలో 123 మంది ఆడవారు. తాళం వేసిన తలుపు సంగతి మనకు కొత్తది కాదు.

అన్నలారా, ఇది ఆడవారికి మనం చేసే దానం కాదు. హాస్టలు పిల్ల తక్కువ కూలికి చేసినంత కాలం మన కూలి పెరగదు. ఆమెను చూపించే మనల్ని బెదిరిస్తారు. ఆనాడు రీలింగ్ ఖాతా మూసినప్పుడు చప్పట్లు కొట్టిన మా తరంలో ఎంతమంది చివరిదాకా పర్మనెంటుగా మిగిలారో లెక్క చూడండి.

అక్కలారా, చెల్లెళ్ళారా, మీకొక్క మాట. ఈ నెల జీతం చీటీ పారేయకండి. పక్క ఫ్రేము మీద ఉన్న మగవాడి చీటీ పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అది పట్టుకుని సమావేశానికి రండి. ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు ఈసారి జవాబు చెప్పవలసింది సభ. తీర్మానానికి చేయి ఎత్తి చెప్పాలి.

శ్రామిక మహిళల ఐక్యత వర్ధిల్లాలి!