బెత్తం పోయింది.. అదబ్ మిగిలిందా?

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఓ హెడ్మాస్టర్ పిల్లల ముందే గుంజీలు తీశారు. కొట్టలేం, తిట్టలేం, ఇంకేం చేయాలన్నది ఆయన బాధ. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది.

బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. 2012 సవరణతో మదర్సాలను ఈ చట్టం నుంచి మినహాయించారు. మరి అక్కడ బెత్తం పట్టొచ్చా? చట్టం కంటే ముందే మనకు సున్నత్ ఉంది. నమాజులో తెలియక మాట్లాడిన ముఆవియా బిన్ హకమ్ (రజి)ను దైవప్రవక్త (స) కొట్టలేదు, తిట్టలేదు. నమాజు అయ్యాక నెమ్మదిగా చెప్పారు. అంతకంటే మంచి గురువును తాను చూడలేదని ఆ సహాబీయే చెప్పినట్టు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇది గురువు బాధ్యత. మరి శిష్యుడిది? మూసా (అలై) అంతటి ప్రవక్త కూడా నేర్చుకోవడానికి వెంట రావచ్చా అని అనుమతి అడిగారని కహఫ్ సూరా చెబుతోంది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే పాఠం వస్తోంది. సలాం చెప్పే పనే లేదు. పాఠం ఫోన్ నేర్పొచ్చు గానీ అదబ్ నేర్పదు.

మురమళ్ళ లాంటి కోనసీమ ఊళ్ళలో తండ్రి గల్ఫ్‌లో ఉంటే, పిల్లాడికి దగ్గరుండి మంచీచెడూ చెప్పేది తల్లి, మాస్టారు, ఉస్తాదే. అందుకే పిల్లల ముందు వాళ్ళను తక్కువ చేసి మాట్లాడకండి. ఫిర్యాదుంటే నేరుగా వాళ్ళతోనే చెప్పండి. దెబ్బ పడితే మాత్రం, బడి అయినా మదర్సా అయినా, ఊరుకోకండి.