ఒళ్లు ఒకటే, వైద్యాలు రెండు

దక్షిణ కొరియాలో నడుం పట్టేసిన మనిషి పొద్దున ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించుకుని, సాయంత్రం సూదులు పెట్టించుకోవడానికి సంప్రదాయ వైద్యశాలకు వెళ్తాడు. దాన్ని వాళ్లు హానుయివాన్ అంటారు. రెండుచోట్లా ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తిస్తుంది. సూదుల వైద్యానికి 1987 నుంచీ బీమా ఉంది. అక్కడి సంప్రదాయ వైద్యుడు చెట్టు కింద కూర్చుని వేర్లు అమ్మే మనిషి కాడు. ఆరేళ్లు కాలేజీలో చదివి, జాతీయ పరీక్ష నెగ్గి, లైసెన్సు పుచ్చుకున్నవాడు. ఇంత పద్ధతిగా ఏర్పాటు చేసుకున్న దేశంలో కూడా పొద్దున చూసిన డాక్టరుకు సాయంత్రం సంగతి తెలియకపోవడమే నన్ను కలవరపెడుతోంది.

ఆ వైద్యం మీద వాళ్లకున్న నమ్మకం నిన్న మొన్నటిది కాదు. జపాన్ దండయాత్రతో దేశం అతలాకుతలమైన రోజుల్లో, 1596లో, సొంజో రాజు తన ఆస్థాన వైద్యుడు హో జున్‌కు ఒక వైద్య గ్రంథం రాసే పని అప్పగించాడు. మరుసటి ఏడు మళ్లీ యుద్ధం వచ్చి తోటి వైద్యులు చెల్లాచెదురయ్యారు. రాజు చనిపోయాక హో జున్‌ను రాజధాని నుంచి బహిష్కరించారు. అయినా పని వదలలేదు. 1610లో ముగించాడు. 1613లో 25 సంపుటాలుగా అచ్చయిన ఆ ‘తోంగుయి పోగమ్’లో మూలికలకు జనం వాడే పేర్లు కొరియా లిపిలోనే రాశాడు. చీనా లిపి రాని పల్లెటూరి మనిషికి కూడా తన పెరట్లో మొక్క ఏదో తెలియాలన్న తపన అది. ఆ తర్వాత ఎంతో కాలానికి వచ్చిన జపాన్ పాలనలో ఈ వైద్యుల హోదా తగ్గించేశారు. కొరియా యుద్ధం నడుస్తుండగానే, 1951లో, కొత్త చట్టం వాళ్లకు మళ్లీ పూర్తి స్థానం ఇచ్చింది. దెబ్బలు తిని నిలబడిన విద్య కాబట్టి దాన్ని ఎవరైనా తప్పుపడితే కొరియా వాళ్లకు అంత తేలిగ్గా మింగుడుపడదు. అందులో నాకు తప్పేమీ కనిపించదు.

సియోల్ తూర్పున జెగిడాంగ్ అనే పేటలో పెద్ద మందుల బజారు ఉంది. అతిమధురం, దాల్చినచెక్క, ఎండు రేగుపళ్లు, జిన్సెంగ్ వేర్లు, పలచగా కోసిన జింక కొమ్ము ముక్కలు అక్కడ దొరుకుతాయి. కషాయం కాచి ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఇప్పుడు కషాయమంటే ఇంట్లో మట్టికుండ పెట్టి గంటలకొద్దీ కాచేది కాదు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ప్యాకెట్లలో నల్లగా వస్తుంది. ప్యాకెట్‌ను వేణ్నీళ్లలో వెచ్చబెట్టి, మూల కత్తిరించి గటగటా తాగేయడమే. బాలింతకూ, పెద్ద పరీక్షకు కూర్చునే పిల్లాడికీ, నీరసించిన ముసలి తల్లిదండ్రులకూ అదే. చూసోక్ పండక్కి కొడుకులూ కూతుళ్లూ అమ్మానాన్నలకు ఎర్ర జిన్సెంగ్ పెట్టెలు పట్టుకెళ్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కొడుకు తెచ్చిచ్చిన జిన్సెంగ్‌ను ఏ తల్లీ మందుల లెక్కలో వేయదు. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని ఆస్పత్రిలో అడిగితే ‘లేదు బాబూ’ అంటుంది. ఆవిడ దృష్టిలో అది అబద్ధం కానే కాదు. చెబితే కోప్పడతారని దాచేవాళ్లు మరికొందరు. పచ్చకామెర్లకు పసరు పోయించుకుని, ఆ సంగతి ఆస్పత్రిలో మింగేసే మన పల్లెల్లోనూ ఈ మౌనం ఉంది.

ఈ మౌనానికి కాలేయం మూల్యం చెల్లిస్తోంది. కొరియాలోని 17 ఆస్పత్రుల్లో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న 371 మంది రోగులను పరిశీలించి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. నాలుగో వంతుకు పైగా కేసుల్లో కారణం మూలికా మందులు. ఆరోగ్యం కోసమని కొనుక్కున్న పదార్థాలూ, నాటు చిట్కాలూ కలిపితే సగం దాటిపోయింది. అల్లోపతి డాక్టర్లకు ఇది ఆయుధమైంది. సంప్రదాయ వైద్యులు 2017 నాటి మరో అధ్యయనాన్ని బదులుగా చూపిస్తారు. వాళ్ల ఆస్పత్రులు పదింటిలో చేరిన 1001 మందికి రక్తపరీక్షలు చేస్తే ఆరుగురిలోనే అలాంటి హాని కనబడింది. ఒకరి లెక్క నిజమైతే రెండోవారిది అబద్ధం కావాలన్నట్టు ఇరువర్గాలూ పోట్లాడుకుంటున్నాయి. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. వైద్యుడి కంటి ముందు, పరీక్షల మధ్య తాగే కషాయం వేరు. బజారులో కొని, ఎవరికీ చెప్పకుండా, నాలుగు రకాలు కలిపి ఇంట్లో తాగేది వేరు.

చిక్కు కషాయాలతోనే కాదు. 2018లో సియోల్ పొరుగున ఉన్న ఒక నగరంలో ఒకామె నడుంనొప్పికి తేనెటీగ విషం సూది వేయించుకుంది. ఒళ్లు తట్టుకోలేక కుప్పకూలింది. అదే భవనంలో క్లినిక్ పెట్టుకున్న అల్లోపతి డాక్టరు కబురందుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆమె బతకలేదు. ఆమె కుటుంబం సాయానికొచ్చిన ఆ డాక్టరు మీద కూడా దావా వేసింది. ఆయన తప్పేమీ లేదని కోర్టు తేల్చింది గానీ, మరోసారి అలా పరుగెత్తాలా వద్దా అని ఆ దేశపు డాక్టర్లు చాలాకాలం చర్చించుకున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. విషం సూది వేసేచోట, అది వికటిస్తే విరుగుడు ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడికక్కడే ఉండి తీరాలి. అందులో బేరం పనికిరాదు.

2020 ఆగస్టులో, కోవిడ్ నడుమ, అక్కడి డాక్టర్లు సమ్మెకు దిగారు. కషాయాలకు బీమా ఇవ్వొద్దన్నది వాళ్ల కోర్కెల్లో ఒకటి. రుజువు లేని మందుకు జనం సొమ్ము ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే, కానీ వాళ్లు కోరిన పరిష్కారంతో నేను ఏకీభవించను. బీమా లేనంత మాత్రాన కషాయం తాగడం ఆగదు, ఎవరికీ కనబడకుండా పోతుంది. బీమా సొమ్ము రావాలంటే ఎవరికి, ఏ జబ్బుకు, ఏమిచ్చారో వైద్యుడు లెక్క రాయాలి. తాతల నాటి రహస్య యోగమంటూ మూలికల పేర్లు బయటపెట్టని పాత అలవాటు అక్కడ చెల్లదు. ఆ రాసిన లెక్కల్లోంచే రుజువు కూడా పుట్టాలి. ఫలితం లేదని తేలితే బీమా ఎత్తేయనూవచ్చు.

ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం ముఖ పక్షవాతం, పక్షవాతం తర్వాతి బాధలు, నెలసరి నొప్పి వంటి వాటికి కషాయాల బీమాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2024లో నడుం డిస్కు, ముక్కు అలర్జీ, అజీర్తిని కూడా చేర్చింది. మంచి పని. అయితే ఆ వివరాలు, రోగి ఒప్పుకుంటే, ఇరువైపుల వైద్యులకూ ఒకేచోట కనబడాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రాసే డాక్టరు ‘మందులేమైనా వాడుతున్నారా’ అని ఊరుకోకుండా, ‘జిన్సెంగ్ తాగుతున్నారా, పిల్లలు ఏమైనా తెచ్చిచ్చారా’ అని పేరు పెట్టి అడగాలి.